ఎన్‌కే వరుసలో ఏడు: దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక పాప కేసు

ఈ కేసు రాయమని మా జూనియర్లు ఏడాదిగా అడుగుతున్నారు. నేనే వాయిదా వేస్తూ వచ్చాను, ఎందుకంటే ఇందులో మొదటి తప్పు నాదే. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు, ఊరి పేరు, తేదీలు తీసేశాను, గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను. నేను నల్లగొండలో పిల్లల డాక్టర్‌ని, ఇమ్యునాలజిస్టుని కాదు. ఐఎల్‌-15, జాక్‌3 లాంటి ఇమ్యూనిటీ ప్రోటీన్ల పేర్లు పీజీ పరీక్షకు బట్టీ పట్టి, పరీక్ష అయిన మర్నాడే మర్చిపోయిన బాపతు. వాటిని నాకు మళ్లీ నేర్పింది ఈ పాప.

మొదటిసారి వచ్చింది రెండు నెలల వయసులో. దగ్గు, పల్చటి విరేచనాలు, ఒకటే ఏడుపు. పుట్టినప్పుడు 2.8 కిలోలు, నార్మల్ డెలివరీ, ఎడమ జబ్బకు టీబీ టీకా బీసీజీ వేశారు, పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు అన్నీ టైముకే పడ్డాయి. సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, చేయించాను. తెల్లకణాలు 7,100. న్యూట్రోఫిల్స్ 76 శాతం అని చూసి బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అయి ఉంటుందని యాంటీబయోటిక్ రాసి పంపాను. పక్క లైన్లోనే లింఫోసైట్స్ 16 శాతం అని ఉంది. చూశాను, చూసి కూడా లెక్క వేయలేదు.

లెక్క పెద్దదేం కాదు. 7,100లో 16 శాతం, అంటే 1,136. రెండు నెలల బిడ్డకు తెల్లకణాల్లో సగానికి పైగా లింఫోసైట్లే ఉండాలి, వాటి సంఖ్య 3,000 కంటే తగ్గితే ఆగి ఆలోచించాలి. కానీ మన ల్యాబ్ కాగితాల మీద ఎదురుగా అచ్చు వేసి ఉండేది పెద్దవాళ్ల రేంజ్, 20 నుంచి 40 అని, దాంతో 16 అంటే ఏదో కాస్త తక్కువన్నట్టు కనిపిస్తుంది, ఓపీలో బయట నలభై మంది కూర్చుని ఉంటారు, పేజీ తిప్పేస్తాం. నేనూ అదే చేశాను.

మళ్లీ వచ్చింది నాలుగున్నర నెలలకు. ఈలోపు నోట్లో తెల్లపూతకు వాళ్ల ఊరి దగ్గర ఎవరో మందు రాస్తూ వచ్చారు, విరేచనాలు ఆగుతూ మొదలవుతూ ఉన్నాయి. బరువు 4.1 కిలోలు. నిమిషానికి 68 సార్లు ఊపిరి, ఆక్సిజన్ 86. తల్లి ఒళ్లో పడుకోబెట్టి చొక్కా తీస్తే, బీసీజీ వేసిన చోట రూపాయి బిళ్లంత పుండు, అంచులు ఊదారంగులో లోపలికి తొలిచినట్టు, దాని కింద చంకలో గట్టిగా మూడు సెంటీమీటర్ల గడ్డ. "సంకల బిళ్ల గట్టింది సారు, సూదేసిన కాడ పుండు మానుతనే లేదు, జరం ఇడుస్తలేదు," అంది తల్లి. కాలేయం పక్కటెముకల కింద నాలుగు సెంటీమీటర్లు తగిలింది. ఎక్స్‌రే తీయిస్తే రెండు ఊపిరితిత్తులూ మంచు పట్టినట్టు ఉన్నాయి. అంతకంటే నన్ను ఆపింది గుండె పైభాగం. ఈ వయసు పిల్లలకు అక్కడ థైమస్ గ్రంథి నీడ వెడల్పుగా, తెరచాపలా కనిపిస్తుంది. ఈ ఎక్స్‌రేలో అక్కడ ఏమీ లేదు, పెద్దవాళ్ల ఎక్స్‌రేలా సన్నగా ఉంది.

ఈసారి సీబీపీ: 6,400, లింఫోసైట్లు 18 శాతం. ఫోన్ క్యాలిక్యులేటర్ తీసి కొట్టాను, 1,152. అప్పుడు పాత కాగితం తెప్పించుకుని రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కడుపులో ఏదో దేవినట్టయింది.

ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ వెనక వైపు వంశవృక్షం గీయడం మొదలుపెట్టాను. భార్యాభర్తలది మేనరికం, అందులోనూ దగ్గరది, ఆమె పెళ్లి చేసుకుంది సొంత మేనమామనే. అంటే పాప అమ్మమ్మా, పాప తండ్రీ అక్కాతమ్ముళ్లు. మన వైపు ఇది వింతేమీ కాదు. ఇంతకుముందు ఇంకో కాన్పు ఉందా అని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఒక పిలగాడు పుట్టిండు సారు. అయిదో నెలల నిమ్ముతోని పోయిండు," అన్నాడు తండ్రి. ఆ బాబుకూ నోట్లో తెల్లపూత ఉండేదట. ఈ మాట రెండు నెలలప్పుడే అడిగి ఉండాల్సింది.

ఇక చికిత్స. తల్లికి హెచ్ఐవీ పరీక్ష మళ్లీ చేయించాం, నెగటివ్. ఇమ్యూనిటీ లేనివాళ్లకు వచ్చే న్యూమోసిస్టిస్ నిమోనియా అయి ఉంటుందని అనుకుని కోట్రైమోక్సజోల్ పెద్ద డోసులో, కొద్ది రోజులు స్టెరాయిడ్‌తో కలిపి మొదలుపెట్టాను. గడ్డలోంచి సూదితో తీసిన చీము స్లైడ్ మీద ఎర్రటి బ్యాసిల్లై, అంటే టీబీ జాతి సూక్ష్మజీవులు, చెల్లాచెదురుగా, లెక్కపెట్టలేనన్ని. బీసీజీ టీకా సూక్ష్మజీవే ఒళ్లంతా పాకిందన్నమాట. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్, లీవోఫ్లోక్సాసిన్ పెట్టాం. టీబీ అనగానే అలవాటుగా నాలుగు మందుల ప్యాక్ రాసేస్తాం, కానీ బీసీజీకి పైరజినమైడ్ పని చేయదు, పుట్టుకతోనే దానికి లొంగదు, అది గుర్తుంచుకోవాలి. హిమోగ్లోబిన్ 7.2 ఉంది. రక్తం ఎక్కించాలి, కానీ మామూలు రక్తం ఎక్కిస్తే దాత తాలూకు టీ కణాలు (లింఫోసైట్లలో ఒక రకం) పిల్ల ఒంట్లో పాతుకుని పిల్లనే తినేస్తాయి. రేడియేషన్ పెట్టిన రక్తం ఇక్కడ దొరకలేదు, హైదరాబాద్ నుంచి వచ్చేదాకా ఒకటిన్నర రోజు చేతులు కట్టుకుని కూర్చున్నాం.

లింఫోసైట్లలో ఏ రకం ఎన్ని ఉన్నాయో చెప్పే ఫ్లో సైటోమెట్రీకి ఇక్కడి నుంచి శాంపిల్ పంపడం ఒక కథ. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో రెండు మిల్లీలీటర్లు తీశాం. ల్యాబ్ అబ్బాయి అలవాటు ప్రకారం ఐస్ జెల్ చుట్టి, థర్మోకోల్ డబ్బాలో పెట్టి, టేపు కూడా వేసేశాడు. ఈ పరీక్షకు బతికున్న కణాలు కావాలి, చల్లబడితే పాడవుతాయి, గది వేడిలోనే ఉంచి ఒక రోజులో చేర్చాలి. డబ్బా విప్పించి, ట్యూబుకు దూది చుట్టి, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి పాప తండ్రి చొక్కా పై జేబులో పెట్టాను. నల్లగొండ బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కి, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వందో కిలోమీటరు దాకా ఆ జేబు మీద చెయ్యి తీయలేదట. బొత్తాం ఊడిపోతుందేమోనని పిన్నీసు కూడా పెట్టుకున్నానని తర్వాత చెప్పాడు.

రిపోర్టు మర్నాడు రాత్రి పదిన్నరకు వాట్సాప్‌లో వచ్చింది. సీడీ3, అంటే టీ కణాలు: 12. సీడీ19, అంటే బీ కణాలు: 1,117. సీడీ16, 56, అంటే ఎన్‌కే (నేచురల్ కిల్లర్, సహజంగానే చంపే) కణాలు: 7. మైక్రోలీటరుకు ఏడు. ఈ వయసుకు ఎన్‌కే కొన్ని వందలు ఉండాలి.

టీ కణాలు లేవంటే తీవ్రమైన సంయుక్త ఇమ్యూనిటీ లోపం, మనం స్కిడ్ అంటాం, అది ఎక్స్‌రే చూసినప్పుడే అనుమానించాను. కానీ స్కిడ్ అనేది ఒక జబ్బు కాదు, పదిహేనుకు పైగా జన్యువుల్లో ఏది చెడినా వచ్చే ఒకే రూపం. ఏ జన్యువో చెప్పేది చాలాసార్లు టీ కణాల వరుస కాదు, దాన్ని అందరూ చూస్తారు. చెప్పేది కింద మూలన ఉండే ఎన్‌కే వరుస, దాన్ని మనం 'అదేదో ఉందిలే' అని దాటేస్తాం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ వరుసే.

ఎన్‌కే కణాలను 1975లో స్వీడన్‌లో కీస్లింగ్ బృందం గుర్తించింది. ముందుగా పరిచయం అక్కర్లేకుండా, శిక్షణ లేకుండా, కొన్ని క్యాన్సర్ కణాలను చంపేస్తున్నాయని చూసి ఆ పేరు పెట్టారు. పేరు వింటే ఎవరి మాటా వినని రౌడీలనిపిస్తుంది. నిజానికి ఒంట్లో వాటంత పరాధీనమైనవి తక్కువ. పుట్టాలన్నా, బతకాలన్నా, పెరగాలన్నా, చంపాలన్నా ఇంకో కణం నుంచి కబురు రావాలి. ఆ కబుర్లే సైటోకైన్లు, చిన్న ప్రోటీన్లు.

అన్నిటికంటే ముఖ్యమైన కబురు ఐఎల్‌-15. 1994లో బయటపడింది. దీనిది ఒక విచిత్రమైన పద్ధతి. మామూలుగా సైటోకైన్ ఒక కణం నుంచి బయటపడి, తేలుతూ వెళ్లి ఇంకో కణానికి అంటుకుంటుంది. ఐఎల్‌-15 అలా ఎక్కువగా తిరగదు. దాన్ని తయారుచేసే డెండ్రిటిక్ కణమో మాక్రోఫేజో (ఇవీ ఇమ్యూనిటీ కణాలే) తన ఒంటి మీదే ఒక పిడికిలి మీద దాన్ని నిలబెట్టి చూపిస్తుంది, ఎన్‌కే కణం దగ్గరికొచ్చి ముట్టుకుని వెళ్లాలి. ఆ ముట్టుకునే చెయ్యి ఎన్‌కే కణం మీద రెండు ముక్కలుగా ఉంటుంది, బీటా గొలుసు ఒకటి, గామా గొలుసు ఒకటి. కణం లోపలి వైపు బీటాకు జాక్‌1 అనే ఎంజైమ్, గామాకు జాక్‌3 అనే ఎంజైమ్ అతుక్కుని ఉంటాయి. ఐఎల్‌-15 తగలగానే రెండు గొలుసులూ దగ్గరికొస్తాయి, రెండు జాక్‌లూ ఒకదానికొకటి ఫాస్ఫేట్ తగిలించి నిద్రలేపుకుంటాయి, అవి స్టాట్‌5 అనే ప్రోటీన్‌ను లేపుతాయి, అది కేంద్రకంలోకి వెళ్లి కణం చావకుండా ఆపే బీసీఎల్‌2 లాంటి జన్యువులను నడిపిస్తుంది. ఇది ఒక్కసారి జరిగితే సరిపోదు, జరుగుతూనే ఉండాలి. కబురు ఆగితే ఎన్‌కే కణం చచ్చిపోతుంది.

దీన్ని తండ్రికి ఎలా చెప్పాలా అని ఆలోచించాను. ఆయనకు నాలుగెకరాల బత్తాయి తోట, రెండు బోర్లు. కాగితం మీద రెండు గీతలు గీసి, రెండిటిలోనూ కరెంటు వస్తేనే లోపల పని మొదలవుతుంది, పాపకు ఒక గీత తెగినట్టుంది అన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, "గంటే సింగిల్ ఫేజు కరెంటు లెక్కనా సారు? స్టార్టర్ ఒత్తుతం గని మోటరు లేవది," అన్నాడు. నేను ఇరవై ఏళ్లు చదివి చెప్పలేని మాట. ఆ తర్వాత మా స్టూడెంట్లందరికీ అదే చెప్తున్నాను. ఒక్కటే తేడా, బోరు మోటారు లేవకపోయినా గుంతలో ఉంటుంది, ఈ కణాలు లేవకపోతే అసలు ఉండవు, అందుకే రిపోర్టులో ఏడు.

ఇప్పుడు డిటెక్టివ్ పని. గామా గొలుసును ఐఎల్‌-15 ఒక్కటే వాడుకోదు. ఐఎల్‌-2, 4, 7, 9, 15, 21, ఈ ఆరూ వాడుకుంటాయి. టీ కణాలు పెరగడానికి ఐఎల్‌-7 కావాలి, ఎన్‌కే కణాలకు ఐఎల్‌-15 కావాలి. మనుషుల్లో బీ కణాలు పుట్టడానికి ఈ రెండూ అక్కర్లేదు. కాబట్టి ఐఎల్‌-7 అందుకునే గొలుసు ఒక్కటే చెడితే టీ కణాలు పోతాయి, ఎన్‌కే కణాలు హాయిగా ఉంటాయి. గామా గానీ, దాని లోపలి జాక్‌3 గానీ చెడితే టీ, ఎన్‌కే రెండూ పోతాయి, బీ మిగులుతాయి. టీ, బీ రెండూ పోయి ఎన్‌కే ఒక్కటీ మిగిలితే ర్యాగ్ జన్యువుల వైపు చూడాలి, మూడూ పోతే ఏడీఏ ఎంజైమ్ లోపం వైపు. ఈ పాప రిపోర్టులో టీ లేవు, ఎన్‌కే లేవు, బీ నిండుగా ఉన్నాయి. అంటే గామా లేదా జాక్‌3.

గామా గొలుసు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, స్కిడ్‌కు అది కారణమని 1993లో తేలింది. అది చెడితే జబ్బు దాదాపుగా మగపిల్లలకే. మొదటి కాన్పు బాబు ఒక్కడినే చూసి ఉంటే నేను కళ్లు మూసుకుని గామా అనేవాడిని, అప్పుడు తల్లి వైపు నుంచి వచ్చిన జబ్బు అని చెప్పి ఉండేవాడిని, ఆ ఇంట్లో ఆ మాట ఆమె మీద ఎంత బరువు వేసేదో ఊహించుకోవచ్చు. కానీ ఇక్కడ ఆడపిల్ల. పైగా తల్లి అన్నదమ్ముల్లో ఎవరూ చిన్నప్పుడు పోలేదు. జాక్‌3 జన్యువు 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, ఆడ మగ తేడా లేదు, తల్లి నుంచి ఒక చెడ్డ కాపీ, తండ్రి నుంచి ఒకటి రావాలి, మేనరికంలో అదే దారి. ఫ్లోలో గామా గొలుసు బీ కణాల మీద మామూలుగానే కనిపించింది, అంటే పై భాగం ఉంది, లోపలి ముక్క లేదు. జన్యు పరీక్షలో జాక్‌3 రెండు కాపీలూ ఒకేలా చెడి ఉన్నట్టు తేలింది, తల్లిదండ్రులిద్దరికీ ఒక్కో కాపీ. తప్పు ఒకరిది కాదని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. రెండుసార్లు చెప్పాను. రెండోసారి అమ్మమ్మ కూడా ఉండగా చెప్పాను, అది ముఖ్యం.

ఇక్కడ ఒక బోల్తా కొట్టించే విషయం. ఇలాంటి పిల్లల ఒంట్లోకి కడుపులో ఉన్నప్పుడే తల్లి టీ కణాలు దాటి వచ్చి స్థిరపడవచ్చు. అప్పుడు టీ కణాల వరుసలో కొన్ని వందలు కనిపించి 'ఉన్నాయిలే' అనిపిస్తాయి. అవి పిల్లవి కావు. ఎన్‌కే వరుస సున్నాకు దగ్గరగా ఉండి, టీ వరుస ఒక మోస్తరుగా ఉంటే అనుమానం మానుకోవద్దు.

మరి బీసీజీ ఎందుకు పాకింది? మాక్రోఫేజ్ బ్యాసిల్లైని మింగినప్పుడు ఐఎల్‌-12, ఐఎల్‌-18 అనే కబుర్లు పంపుతుంది. ఎన్‌కే కణానికి ఐఎల్‌-12 తగిలితే లోపల స్టాట్‌4 లేచి, ఐఎల్‌-18 తోడైతే ఇంకా జోరుగా, ఇంటర్‌ఫెరాన్ గామా అనే ఇంకో సైటోకైన్‌ను (ఇది పైన చెప్పిన గామా గొలుసు కాదు) కుమ్మరిస్తుంది. ఆ ఇంటర్‌ఫెరాన్ తిరిగి మాక్రోఫేజ్‌కు చేరి, మింగినదాన్ని చంపే బలం ఇస్తుంది. మొదటి రోజుల్లో ఆ పని ఎన్‌కేది, తర్వాత టీ కణాలది. ఈ పాపకు రెండూ లేవు, మాక్రోఫేజ్‌లు మింగుతున్నాయి, అరుస్తున్నాయి, బదులిచ్చేవాళ్లు లేరు. దీనికి అద్దంలో బొమ్మ లాంటి జబ్బు ఇంకొకటి ఉంది: ఐఎల్‌-12 అందుకునే గొలుసే చెడి పుట్టిన పిల్లలు. వాళ్ల సీబీపీ బాగుంటుంది, ఎన్‌కే సంఖ్య బాగుంటుంది, నోట్లో పూత ఉండొచ్చు, కానీ బీసీజీ మాత్రం ఒళ్లంతా పాకుతుంది. సంఖ్య ఉండి కబురు అందకపోవడం వేరు, కణమే లేకపోవడం వేరు. చంకలో బీసీజీ గడ్డ పెద్దదై, లింఫోసైట్లు నార్మల్ వస్తే ఊరట పడి పంపేయకండి.

మిగతా కబుర్ల గురించి క్లుప్తంగా. ఐఎల్‌-2 కూడా అదే బీటా గామా జత మీద పని చేస్తుంది, అమెరికాలో 1992లోనే కిడ్నీ క్యాన్సర్‌కు పెద్ద డోసులో అనుమతి దొరికింది, కానీ రక్తనాళాలు కారడం, పైగా ఇమ్యూనిటీని అణిచే టీ కణాలను కూడా అదే పెంచడం పెద్ద తలనొప్పి. ఐఎల్‌-21 ఎన్‌కే కణాలకు పదును పెడుతుంది, ల్యాబుల్లో వాటిని వందల రెట్లు పెంచడానికి దాన్ని అతికించిన కణాలను మేతగా వాడతారు. టీజీఎఫ్ బీటా అనే కబురు బ్రేకు లాంటిది, క్యాన్సర్ గడ్డలు దాన్ని కుమ్మరించి ఎన్‌కే కణాలను నిద్రపుచ్చుతాయి. ఐఎల్‌-15ను బలపరిచి తయారుచేసిన ఒక మందుకు 2024 ఏప్రిల్‌లో అమెరికాలో మూత్రాశయ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. దాన్ని దేనితో కలిపి ఇస్తారో తెలుసా, బీసీజీతో. ఈ పాపను చంపబోయిన బీసీజీతోనే. చదివినప్పుడు కాసేపు నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు.

జాక్‌3 గురించి ఇంకొకటి. 1995లో ఈ జన్యువు చెడిన పిల్లలను వర్ణించాక, దీన్ని కావాలనే కొద్దిగా మూస్తే అతిగా రేగే ఇమ్యూనిటీ తగ్గదా అని ఆలోచించారు, టోఫాసిటినిబ్ అనే మందు అలా వచ్చింది, కీళ్లవాతానికి 2012లో అనుమతి. జాక్‌1ను కూడా మూస్తుంది. మిర్యాలగూడ నుంచి మా ఇంటికి వచ్చే బంధువు ఒకావిడ ఆ గోళీలే వాడుతుంది. వేళ్లు విప్పగలుగుతున్నానని సంతోషం. పోయిన వేసవిలో నడుము చుట్టూ సర్పి లేచింది. సర్పి వైరస్‌ను అదుపులో పెట్టేవాటిలో ఎన్‌కే కణాలు ఉన్నాయి, ఈ మందుతో వాటి సంఖ్య తగ్గుతుంది. పాపకు పుట్టుకతో తెగిన తీగనే ఈవిడకు రోజుకు రెండుసార్లు గోళీతో కొంచెం వదులు చేస్తున్నాం.

చికిత్సకు తిరిగి వద్దాం. ఆక్సిజన్ పెట్టడం మెల్లమెల్లగా తగ్గిస్తూ పదకొండో రోజుకు మాన్పించాం. ఐవీఐజీ (దాతల యాంటీబాడీలు నరంలోకి ఎక్కించడం) నాలుగు వారాలకోసారి మొదలైంది, ఎందుకంటే 1,117 బీ కణాలున్నా అవి పని చేయవు, ఐఎల్‌-21 కబురు కూడా ఆ తెగిన తీగ మీదుగానే పోవాలి, యాంటీబాడీలు తయారు కావు. సైటోమెగలో వైరస్ పాపకు సోకలేదు, తల్లికి మాత్రం పాత ఇన్ఫెక్షన్ ఉంది, పాల ద్వారా వస్తుందేమోనని తల్లిపాలు ఆపించాను. ఇది నేను ఈ కేసులో చెప్పిన అన్నిటిలోకీ కష్టమైన మాట. ఆమె ఏమీ అనలేదు, కొంగు బిగించి కట్టుకుని బయటికి వెళ్లి వరండాలో గోడ వైపు తిరిగి కూర్చుంది.

డబ్బు. ఈ రకం స్కిడ్‌కు మాకు మూలకణాల మార్పిడి తప్ప దారి లేదు. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఇలా ఒక్కసారి మార్పిడితో బాగయ్యే జబ్బుల గుంపులో స్కిడ్ ఉంది, సాయం 2022లో 50 లక్షల దాకా పెంచారు. కాగితాల పని మీద తండ్రి తిరిగిన తిరుగుడు రాస్తే ఇంకో వ్యాసమవుతుంది, కానీ పని అయింది.

దాత ఎవరు? తోబుట్టువులు లేరు. తల్లిదండ్రులు మామూలుగా సగమే కలుస్తారు. అయినా హెచ్‌ఎల్‌ఏ జన్యువుల పరీక్ష, దాత కణాలు కలుస్తాయో లేదో చెప్పేది, అందరికీ చేయించారు. తండ్రిది పాపతో పదికి పది కలిసింది. మొదట ల్యాబ్ తప్పు అనుకున్నారు, మళ్లీ చేశారు, అదే. ప్యాడ్ వెనక గీసిన బొమ్మ తీసి చూస్తే అర్థమైంది: తల్లి తన తల్లి నుంచి తెచ్చుకున్న ముక్క పాపకు ఇచ్చింది, ఆ అమ్మమ్మ పాప తండ్రికి సొంత అక్క, కాబట్టి ఆ ముక్క ఆయన దగ్గరా ఉంది. జబ్బు తెచ్చిన చుట్టరికమే దాతను కూడా తెచ్చింది. అయితే హెచ్‌ఎల్‌ఏ ఆరో క్రోమోజోమ్ మీద, జాక్‌3 పందొమ్మిదో దాని మీద, ఒకదానితో ఒకటి సంబంధం లేదు, కలవడం పూర్తిగా అదృష్టం. మేనరికం మంచిదేనన్నమాట అని అమ్మమ్మ అనబోయింది, అక్కడే ఆపాను.

ఏడో నెలలో మార్పిడి జరిగింది, బయట సెంటర్‌లో. బీసీజీ ఇంకా ఉంది, ఊపిరితిత్తులు బలహీనం, దాత పూర్తిగా కలిశాడు, ఎన్‌కే కణాలు లేవు కాబట్టి దాత కణాలను తోసిపుచ్చేవాళ్లూ లేరు, అందుకని ముందు మూలుగను ఖాళీ చేసే కీమో ఇవ్వకుండానే ఎక్కించారు. ఐదో వారంలో జ్వరం, చంకలో గడ్డ మళ్లీ ఎర్రగా ఉబ్బి పగిలింది. తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. నేను మాత్రం లోపల్లోపల సంతోషించాను, ఎందుకంటే అది జబ్బు పెరగడం కాదు, నాన్న టీ కణాలు వచ్చి, ఇంటర్‌ఫెరాన్ కుమ్మరించి, బీసీజీ మీద యుద్ధం మొదలుపెట్టాయి. కొన్ని వారాలు ప్రెడ్నిసొలోన్ ఇచ్చి ఆ మంటను తగ్గించారు.

మూడో నెల రిపోర్టులో టీ కణాలు 840, ఎన్‌కే 140. అందరం సంబరపడ్డాం. ఏడాదికి టీ కణాలు 1,900, అన్నీ తండ్రివే. ఎన్‌కే 38. మళ్లీ చేయించినా 41. ఎందుకో చెప్తాను, ఇది ముందే తెలిసి ఉంటే కుటుంబానికి ముందే చెప్పేవాడిని. కీమో ఇవ్వలేదు కాబట్టి ఎముక మూలుగలో మూలకణాలు చాలా వరకు పాపవే మిగిలాయి. టీ కణాలు ఒకసారి వచ్చాయంటే ఏళ్ల తరబడి బతుకుతాయి, తమను తాము పెంచుకుంటాయి. ఎన్‌కే కణం ఆయుష్షు వారాలే, మూలుగ నుంచి కొత్తవి వస్తూ ఉండాలి, పాప మూలుగ నుంచి వచ్చేవాటికి జాక్‌3 లేదు, ఐఎల్‌-15 ఎంత ఉన్నా వినపడదు. నాన్న నుంచి వచ్చిన మొదటి విడత అయిపోగానే వరుస ఖాళీ అయింది. బీ కణాలదీ అదే కథ, అందుకే ఐవీఐజీ ఇంకా నడుస్తోంది.

ఎన్‌కే లేకుండా ఎలా బతుకుతోంది అంటే, బాగానే. టీ కణాలు చాలా వరకు మోస్తున్నాయి. మార్పిడి తర్వాత ఏళ్లు గడిచాక గామా, జాక్‌3 పిల్లల్లో కొందరికి ఒంటి నిండా పులిపిర్లు లేస్తాయి, మొండిగా, పాపిలోమా వైరస్ వల్ల. ఎన్‌కే కణాల కొరత దానికి కారణమై ఉండొచ్చంటారు. కాబట్టి ప్రతి విజిట్‌లో నేను చూసేది బరువు, కాలేయం, ఆ తర్వాత వేళ్లు, అరచేతులు, మడమలు.

తల్లి మళ్లీ గర్భవతి అయినప్పుడు పదకొండో వారంలో పరీక్ష చేయించుకున్నారు. బిడ్డకు ఒక చెడ్డ కాపీ, ఒక మంచి కాపీ. బాబు పుట్టాడు. అయినా రెండో రోజు సీబీపీ తెప్పించి లింఫోసైట్లు నేనే లెక్క కట్టాను, 4,700, ఆ తర్వాతే బీసీజీ వేయమన్నాను. మా ఓపీలో ఇప్పుడు ల్యాబ్ కాగితం మీద లింఫోసైట్ శాతం పక్కన అసలు సంఖ్య చేత్తో రాసి గానీ నర్సు నాకు ఇవ్వదు.

పాపకు ఇప్పుడు రెండేళ్ల ఎనిమిది నెలలు, పన్నెండు కిలోలు. పోయిన నెల వచ్చినప్పుడు నేను స్టెత్ తీసేలోపే కుర్చీ ఎక్కి, రెండు అరచేతులూ నా మొహం ముందు చాపి, "సూడు," అంది. చూశాను. ఎడమ చూపుడు వేలి మీద గోరు పక్కన చిన్న పొక్కు ఉంది. లెన్స్ తీసి చూస్తే బత్తాయి ముల్లు గుచ్చుకున్న గీత.